మతిమరుపమ్మ అందించిన మాట

మా పిన్నిని వీధిలో అందరూ మతిమరుపమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాళ్ళ నోళ్ళు పడిపోను. మా సమాజం ఆడే నాటకాలన్నీ, తలుపు తీసే నౌకరు చెప్పే ముక్కతో సహా, ఆవిడకు నోటికొచ్చు. మా అమ్మ పెళ్ళినాడు ఎవరు ఏ రంగు బట్టలు కట్టుకొచ్చారో అమ్మే మర్చిపోతే పిన్ని గుర్తుచేసేది. అలాంటి మనిషికి ఆ పేరు వచ్చిందంటే దాని వెనక ఒక మగవాడి కడుపుమంట ఉంది. అతన్ని అందరూ దొరగారు అనేవారు. నిజం దొరేమీ కాదు. ఎప్పుడూ ప్రభువుల వేషాలే కట్టి, ముఖం కడుక్కున్నా ఆ నడక మాత్రం పోక, ఆ పేరుతో స్థిరపడిపోయాడు.

నేను ఆ నాటకశాలలో దుస్తులు కుట్టేదాన్ని. నాకు ముందు మా అమ్మ కుట్టేది. వేదిక వెనక మెట్ల కింద మా కుట్టుగది, దాని పక్కనే విగ్గులు పెట్టే గది. ఆ విగ్గుల గదిలోనే పిన్ని కాపురం. కర్ర తలలకు తగిలించిన జుట్టు మధ్య ఒక మంచం, ఒక కుర్చీ, ఒక పొయ్యి. తలుపు ఎప్పుడూ లోపల గడియ. అమ్మ తిండి గుమ్మంలో పెట్టి తలుపు తట్టి వచ్చేసేది. కాసేపటికి ఖాళీ పళ్ళెం బయటికి వచ్చేది. మాటా పలుకూ ఉండేది కాదు.

అసలు జరిగిందేమిటో అమ్మ నాకు కథలా చెప్పలేదు, తిట్లలా చెప్పింది. అవి ఇంకా గ్యాసు దీపాల రోజులు. పెద్ద ఇంట్లో తలుపులు మూసుకుని ఒంటరిగా కూచున్న ఆడవాళ్ళ కథలంటే జనానికి మహా మోజు. లావుపాటి నవలల నిండా అవే, నాటకాల నిండా అవే. మా సమాజానికి పేరు తెచ్చిన నాటకం కూడా అలాంటిదే. భర్త వదిలేసిపోయిన ఒకావిడ కిటికీలకు మేకులు కొట్టించుకుని ఏళ్ళ తరబడి ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. చివరి అంకంలో అతను తిరిగొచ్చి, మోకాళ్ళ మీద కూచుని, నన్ను క్షమిస్తావా అని అడుగుతాడు. ఆవిడ చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. “లేదు.” అంతే. ఆ మాటతో ఆవిడ బతుకు మలుపు తిరుగుతుంది, లేచి తలుపు తీసుకుని బయటికి నడిచిపోతుంది.

పిన్నికి అదే మొదటి పెద్ద వేషం. దొరగారు భర్త. అతను అడిగాడు. పిన్ని వెంటనే చెప్పలేదు, ఆగింది. మా పనిలో ఆగడమంత కష్టం ఇంకోటి లేదు. మాట మర్చిపోయి ఆగడం వేరు, మాటను నాలుక మీద పెట్టుకుని ఆగడం వేరు. రెండోదాని మధ్యలో ఎవరైనా దూరి మాట అందిస్తే మా వాళ్ళు ఆ మనిషితో జన్మలో మాట్లాడరు. పిన్ని ఆగితే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఒక్కరూ దగ్గలేదట. అది చూసి దొరగారికి ఒళ్ళు మండింది. మోకాళ్ళ మీద ఉన్నది తను, జనం గుడ్లప్పగించి చూస్తున్నది ఆ కొత్తపిల్లనా? మెడ తిప్పి, హాలు వైపు కన్నుగీటి, ఆ కంచు గొంతుతో, “పాపం, మాట మర్చిపోయింది. ఎవరైనా అందించండయ్యా,” అన్నాడు.

ఇంకేముంది. నేల టిక్కెట్టు వాళ్ళు “లేదు, లేదు” అని అరిచారు. హాలు పగలబడి నవ్వింది. రెండక్షరాల మాట, పసిపిల్లలు కూడా మర్చిపోని మాట. మర్నాటి నుంచి పిన్ని ఏ వేషంలో కనబడినా హాల్లోంచి “లేదు” అని ఎవడో ఒకడు కేకేసేవాడు. బజారుకు వెళ్తే కూరలమ్మేవాళ్ళు కూడా అదే సరసం. కొన్నాళ్ళకు వేషాలివ్వడం మానేశారు. దొరగారు మాత్రం, అయ్యో, మంచి పిల్లే గానీ మతిమరుపు అని పదిమందిలో జాలిపడేవాడు. ఆ జాలికే మా అమ్మ అగ్గి మీద గుగ్గిలమయ్యేది.

అలాంటి చోట ఎందుకుండాలి, మూటాముల్లే సర్దుకుని పోవచ్చు కదా అంటారు మీరు. అమ్మా అదే అంది. పిన్ని వినలేదు. ప్రాంప్టరుగా ఉన్న పెద్దాయన చచ్చిపోతే, ఆ పని నేను చేస్తానని వెళ్ళి అడిగింది. వేదిక ముందు అంచున నేలలో చిన్న గుంట ఉండేది, దాని మీద జనానికి కనబడకుండా చెక్క చూరు. మేం దాన్ని గూడు అనేవాళ్ళం. ప్రాంప్టరు అందులో కూచుని, ఎవరైనా తడబడితే కింద నుంచి మాట అందించాలి. నిన్ను తొక్కినవాడి కాళ్ళ కింద కూచుంటావా అని అమ్మ నెత్తి కొట్టుకుంది. పిన్ని చెప్పిన జవాబు అమ్మ చనిపోయేదాకా తలుచుకునేది. “అక్కడైతే నన్నెవరూ చూడరక్కా. నేను మాత్రం వాణ్ణి రోజూ చూస్తాను.”

అలా చూస్తూ చూస్తూ జుట్టు నెరిసింది. అమ్మ పోయింది, సూది నా చేతికొచ్చింది. పళ్ళెం గుమ్మంలో పెట్టి తలుపు తట్టడం నా వంతయింది. పిన్ని గొంతు నేను విన్నదల్లా గూట్లోంచే, అదీ ఎవరివో మాటలు. ఆవిడకేం కావాలో నాకు తెలుసు, అమ్మ చెప్పింది. అదే వేదిక మీద నిలబడి, అదే గొంతుతో, ఆమె మర్చిపోలేదు అని అతను చెప్పాలి. ఎవరూ లేని చోట చెప్పే క్షమాపణ ఆవిడకు అక్కర్లేదు. నవ్వింది జనం కాబట్టి జనమే వినాలి. అతను చెప్తాడా? చస్తే చెప్పడు.

ఒక రోజు అంగీకి గుండీ ఊడితే కుడదామని పక్క తెర చాటున నిలబడ్డాను. అక్కడినుంచి చూస్తే గూట్లో చిన్న దీపం వెలుగులో పిన్ని పెదవులు కనబడతాయి. దొరగారు మాట్లాడుతున్నంతసేపూ ఆ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆవిడ ఒక వాక్యం, ఆయన ఒక వాక్యం. మామూలుగా ప్రాంప్టరు మొదటి మాట అందిస్తే చాలు, తక్కిన ముక్క నటుడే అల్లుకుపోతాడు. ఇక్కడ అలా కాదు. ఆవిడ ఆగితే ఆయన ఆగిపోతున్నాడు, కళ్ళు కిందికి దింపి గూటి వైపు బిత్తరచూపులు చూస్తున్నాడు. దొరగారి మతి పోతోంది. నిజంగానే పోతోంది. ఆ సంగతి ఊళ్ళో గూట్లో ఉన్న మనిషికొక్కదానికే తెలుసు, ఇప్పుడు నాకూ తెలిసింది. నా గుండె చల్లబడింది, దాచుకోను.

తర్వాత వారం యుద్ధం నాటకం. సేనాపతి వేషంలో దొరగారు కత్తి దూసి, నా తెల్ల గుర్రాన్ని సిద్ధం చెయ్యండి అనాలి. గూట్లో పిన్ని పెదవులు ఇంకోలా కదిలాయి. దొరగారు ఛాతీ విరిచి, “నా నల్ల మేకను సిద్ధం చెయ్యండి. దాని మీదే యుద్ధానికి వెళ్తాను,” అని గర్జించాడు. భటుడి వేషగాడు ఈటె వదిలేశాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. దొరగారు ఆ నవ్వు ఎందుకో తెలియక ఇంకోసారి కత్తి ఎత్తాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాను, వాటిని మింగకుండా ఉమ్మేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఆట అయ్యాక కుట్టుగది తలుపు ఎవరో తట్టారు. చూస్తే పిన్ని. చేతిలో ఖాళీ పళ్ళెం. లోపలికొచ్చి, బట్టల మూట మీద కూచుని, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అంత నవ్వు ఆవిడలో ఎక్కడ దాక్కుందో. నవ్వి నవ్వి, ఇంకొంచెం అన్నం ఉంటే పెట్టమంది. పుట్టి బుద్ధెరిగాక పిన్ని నాతో మాట్లాడటం అదే మొదలు, ఇక మాట్లాడుతూనే ఉంది. “ఏమందిస్తే అదే చెప్తున్నాడే. నా మాట తప్ప వాడికి వేరే మాట లేదు,” అంది. అప్పుడు ఆవిడ ముఖం చూసి నాకు భయం వేసింది, ముచ్చటా వేసింది.

కుక్కలా మొరిగిద్దామన్నాను. ముక్కు నేలకు రాయిద్దామన్నాను. నిండు సభలో పంచె విప్పించే ఉపాయం కూడా చెప్పాను. పిన్ని ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట చాలు, తక్కినవి చిల్లర అంది. తొందరపడాల్సిన పనీ వచ్చింది. మేక సంగతితో దొరగారి అల్లుడికి అనుమానం తగిలింది. సమాజం నడిపేది అతనే. మామగారు అలిసిపోయారని చెప్పి, ఒక ఆదివారం మధ్యాహ్నం వీడ్కోలు ఆట ప్రకటించాడు. మేకులు కొట్టిన ఇంటి నాటకమే ఆడాలన్నాడు. ఆ ఆట దాటితే దొరగారు ఇక వేదిక ఎక్కడు. అప్పుడు పిన్ని మాట గూట్లోనే ఉండిపోవాల్సిందే.

ఆ ఆదివారం హాలు కిటకిటలాడింది. ముసలివాళ్ళు మనవల్ని వెంటేసుకొచ్చారు. నేను సూదీదారం పట్టుకుని పక్క తెర చాటున నిలబడ్డాను. ఎదురుగా అవతలి తెర దగ్గర అల్లుడు, తెర లాగేవాడు. నాటకం నడిచింది. పిన్ని అందిస్తోంది, దొరగారు చెప్తున్నాడు. చివరి అంకంలో ఆయన మోకాళ్ళ మీద కూచుని, నన్ను క్షమిస్తావా అన్నాడు. కొత్త హీరోయిన్ ఈగను తోలినట్టు “లేదు” అనేసి చరచరా బయటికి పోయింది. ఇక మిగిలింది దొరగారి ఆఖరి ప్రసంగం. ఆయన లేచి, దీపాల ముందుకు వచ్చి, గూటి వైపు చూశాడు.

పిన్ని అందించింది. దొరగారు నోరు తెరిచి, తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. లోపల ఎక్కడో ఏదో తగిలినట్టుంది. కనుబొమలు ముడుచుకున్నాయి. ఇక్కడ గాని నోరు మూశాడో, అంతా అయిపోయినట్టే. పిన్ని కంగారుపడలేదు. ఇన్నేళ్ళూ ఆయనకు ఏ ఒరవడిలో అందించిందో సరిగ్గా అదే ఒరవడిలో, తల్లి ముద్ద పెట్టినంత నెమ్మదిగా, మళ్ళీ అందించింది.

“చాలా ఏళ్ళ కిందట, ఇదే చోట, ఆ ఒక్క మాట కోసం ఒక అమ్మాయి ఆగింది,” అన్నాడు దొరగారు.

అల్లుడు తలెత్తాడు. ఇది నాటకంలో లేదని అతనికి తెలిసిపోయింది. తెర లాగు, తెర లాగు అని చేతులు విసిరాడు. తెర లాగేవాడు తాడు పట్టుకుని నోరు వెళ్ళబెట్టి వేదిక వైపే చూస్తున్నాడు, వాడి చెవికి ఏమీ ఎక్కలేదు.

“ఆమె మర్చిపోలేదు. కావాలనే ఆగింది. మీరంతా ఆమె చేతిలో ఉన్నారు. నేను మోకాళ్ళ మీద ఉన్నాను, నన్నెవరూ చూడటం లేదు. నా కడుపు మండింది. అందుకే మర్చిపోయిందని అబద్ధం చెప్పాను. మీరు నవ్వారు. ఆ నవ్వుతో ఒక మనిషి బతుకు గుంటలో పడింది. ఆమె మర్చిపోలేదు.”

ఎంత బాగా చెప్పాడో. గొంతు వణకాల్సిన చోట వణికింది, కన్నీళ్ళు రావాల్సిన చోట వచ్చాయి. తనేం చెప్తున్నాడో తనకు తెలిస్తే కదా. ఆ తర్వాత చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు. ఎంత పెద్ద మనసు, ఎంత ధైర్యం అని ముక్కులు చీదారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాపం చేసిందీ వాడే, చప్పట్లూ వాడికేనా? దొరగారు వంగి వంగి దణ్ణాలు పెట్టి, కిందికి చూసి, తర్వాతేమిటి అన్నట్టు తలాడించాడు. గూట్లో దీపం ఆరిపోయింది.

అల్లుడు వచ్చి నానా మాటలూ అని, ఇక ఈ గడప తొక్కొద్దన్నాడు. పిన్ని అతని ముఖం కూడా చూడలేదు. వెనక దారి వదిలేసి, జనం పోయే పెద్ద గుమ్మంలోంచే నడిచింది. మెట్ల దగ్గర గొడుగులు బాగుచేసే ముసలాయన దారికి అడ్డంగా నిలబడి, ఆ రోజు నేనూ అరిచానమ్మా అన్నాడు. తెలుసు, ఎడమ పక్క స్తంభం దగ్గర కూచున్నావు అని పక్కకు తప్పుకుని వచ్చేసింది పిన్ని.

మా ఇంటికొచ్చింది. వీధివైపు గది ఇచ్చాను. కిటికీ మూయనిచ్చేది కాదు. ఇన్నేళ్ళ మౌనానికీ వడ్డీ కట్టినట్టు పొద్దస్తమానం మాట్లాడేది, పాలవాడితో, పక్కింటివాళ్ళతో, పిల్లితో కూడా. వీధిలో ఆ పాత పేరు ఎవరి నోటా రాలేదు. కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

వీడ్కోలు ఆట మర్నాడు పొద్దున్నే కూతురి చెయ్యి పట్టుకుని దొరగారు మా గుమ్మంలోకి వచ్చాడు. నిన్న తనేదో చెప్పాడట, జనం లేచి నిలబడ్డారట, చెప్పిందేమిటో పూర్తిగా గుర్తులేదట, రాత్రంతా అదే దొలిచేస్తోందట. నడుస్తుంటే కాళ్ళు ఇటే లాక్కొచ్చాయన్నాడు. అరుగు మీద కూచుని పిన్ని ముఖంలోకి చూశాడు.

“ఏమ్మా, నిన్న నేను చెప్పింది నిజమేనా?”

“నిజమే,” అంది పిన్ని. జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పింది, కన్నుగీటడంతో సహా. ఆయన వింటూ వింటూ కుప్పకూలిపోయాడు. ఇంత దుర్మార్గుణ్ణా నేను అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను లోపల నిలబడి తృప్తిగా విన్నాను. చప్పట్ల బాకీ తీరిందనుకున్నాను.

ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే ప్రశ్న. ఏడ్చినట్టు కూడా గుర్తులేదు. పిన్ని మళ్ళీ చెప్పింది. ఆయన మొదటిసారి విన్నట్టే విని, మొదటిసారి లాగే ఏడ్చాడు. ఆ తర్వాత రోజూ అదే తంతు. పిన్ని పొద్దున్నే తలదువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని కూచునేది. కొన్నాళ్ళకు నాకు వినబుద్ధయ్యేది కాదు. పగ అంటే ఒకసారి తీరేదని అనుకున్నాను, ఇలా రోజూ వడ్డించుకునేదని అనుకోలేదు.

ఒకనాడు ఆయన కూతురు పిన్ని కాళ్ళావేళ్ళా పడింది. చిన్నప్పటి నుంచి నాటకశాలలో పెరిగిన పిల్ల, పిన్నిని అత్తయ్యా అనే పిలిచేది. ఒక్క రోజు, ఒక్కసారి, అది ఉత్త నాటకంలో మాటేనని చెప్పమంది. నాన్న ఇంటికొచ్చి తిండి ముట్టడం లేదు, చిక్కి సగమయ్యాడు అంది.

“నా మీద అబద్ధం చెప్పొద్దని మీ నాన్నను అప్పుడెవరూ బతిమాలలేదమ్మా,” అంది పిన్ని. “నేను నిజం చెప్తున్నాను. నిజమే కదా చెప్తున్నాను.”

ఆ పిల్ల ఆయన్ని తీసుకురాకుండా ఉండాలని చూసిందట గానీ, ఆపితే తలుపులు బాదేవాడట.

చలి ముదిరాక ఒక పొద్దున దొరగారు వచ్చి అరుగు మీద కూచున్నాడు. ఏమీ అడగలేదు. వీధిలో పోయే బండిని చూశాడు, గోడ మీద పిల్లిని చూశాడు. పిన్ని ఎదురుచూసింది. కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది. ఆయన అడగడం లేదు. చివరికి పిన్నే ముందుకు వంగి, గూట్లోంచి అందించినట్టు, తగ్గు స్వరంతో, “నిన్న నేను చెప్పింది...” అని అందించింది.

దొరగారి వెన్ను నిటారైంది. “నిన్న నేను చెప్పింది నిజమేనా?” అన్నాడు. అదే కంచు గొంతు, వీధి చివరిదాకా వినబడింది.

“నిజమే,” అంది పిన్ని.

ఆయన ఏడవలేదు. ముఖం వెలిగిపోతుంటే పిన్ని వైపు వంగి, “బాగా చెప్పానా?” అని అడిగాడు.

పిన్ని ఆయన ముఖమంతా కళ్ళతో వెతికింది. తర్వాత, బాగా చెప్పారండీ అంది. ఆయన సంతోషంగా లేచి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. కూతురు వెనక్కి తిరిగి చూసింది, పిన్ని చూపు కలపలేదు.

నేను వెళ్ళి పక్కన కూచున్నాను. “వాడు పోయాడే,” అంది. ఇంకా మలుపు కూడా దాటలేదు కదా అన్నాను. “ఆయన కాదు. నన్ను నవ్వులపాలు చేసినవాడు. వాడు ఎప్పుడో పోయాడు, నేనే చూసుకోలేదు. ఇన్నాళ్ళూ ఎవరో ముసలాయన్ని కూచోబెట్టి ఏడిపించాను.” కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా వేళ్ళు నొప్పెట్టాయి.

“కోపం మాత్రం అలాగే ఉందే,” అంది. “ఇప్పుడు దీన్ని ఎవరికివ్వను?”